రోటరీ టేబుల్ సెంటరింగ్: తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

రోటరీ టేబుల్ (మిల్లింగ్ మెషీన్ మీద జాబ్‌ని, అంటే పని చేసే ముక్కని, తిప్పే గుండ్రని బల్ల) మీద కుదరాల్సిన సెంటర్లు రెండు: స్పిండిల్‌కీ (టూల్‌ని తిప్పే ఇరుసు) టేబుల్‌కీ ఒకటి, టేబుల్‌కీ జాబ్‌కీ ఇంకొకటి. రెంటినీ ఒకేసారి సరిచేయబోతే పని తెమలదు.

ముందు డయల్ ఇండికేటర్‌ను (సన్నని తేడాల్ని ముల్లుతో చూపే కొలత సాధనం) స్పిండిల్‌కి బిగించి, టేబుల్ మధ్య బోర్ (రంధ్రం) లోపలి గోడకు ఆనించి, స్పిండిల్‌ని చేత్తో తిప్పాలి. టేబుల్ కదలకూడదు. ఎక్స్, వై స్లైడ్లు సర్ది, ముల్లు నిలిచాక స్లైడ్ల డయల్స్ సున్నాకి పెట్టి లాక్ చేయండి. స్లైడ్ స్క్రూల్లో బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు వచ్చే ఖాళీ ఆట) ఉంటుంది కాబట్టి చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిశలో ఉండాలి.

ఆ తర్వాతే జాబ్. ఇప్పుడు ఇండికేటర్‌ని జాబ్‌కి ఆనించి, స్పిండిల్ ఆపి టేబుల్ తిప్పాలి. ముల్లు మొత్తం 0.10 మి.మీ. ఆడితే జాబ్ జరగాల్సింది 0.05 మాత్రమే. పూర్తిగా 0.10 జరిపితే అంతే తప్పు అవతలి వైపు వస్తుంది! మెత్తని సుత్తితో తట్టండి. క్లాంపులు బిగించాక మళ్లీ చూడాల్సిందే, ఆ బిగింపే జాబ్‌ని లాగేస్తుంది. నన్నడిగితే ఎక్కువ జాబ్‌లు చెడేది ఇక్కడే.

టేబుల్ తిప్పుతూ వేసిన రంధ్రాల వృత్తం మొత్తంగా జాబ్‌లో ఒక పక్కకి జరిగితే తప్పు జాబ్ సెంటర్‌ది. వృత్తం మధ్యలోనే ఉండి వ్యాసం మాత్రం తేడా వస్తే స్పిండిల్ సెంటర్ చూడండి.