శాంతిభంగం కేసులో శిక్ష పడిందా? 30 రోజులే గడువు

"తిట్టిన కేసే కదా, ఫైను కట్టేసి వచ్చేద్దాం" అనుకునేవాళ్లే ఎక్కువ. ఫైనుతో డబ్బు సంగతి ముగుస్తుంది కానీ, దోషి అన్న ముద్ర ఉద్యోగం వెరిఫికేషన్‌లో బయటపడుతుంది.

శాంతిభంగానికి దారితీసేలా కావాలని అవమానించడం 2024 జులై 1కి ముందు జరిగితే ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 504 సెక్షన్, ఆ తర్వాతైతే దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 352. రెండేళ్ల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ.

మెజిస్ట్రేటు తీర్పు మీద అప్పీలు తీర్పు రోజు నుంచి 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో వేయాలి. అంతకుముందు తీర్పు రోజు పని ఒకటుంది. విచారణలో బెయిలు మీద ఉండి మూడేళ్లకు మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకోవడానికి ఆ మెజిస్ట్రేటే బెయిలివ్వాలి, ప్రత్యేక కారణాలుంటే తప్ప (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 430). జామీనుదారులు వేళకి అందకపోతే ఆ రాత్రి జైల్లోనే. వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి.

జైలుశిక్ష అయితే తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఫైను మాత్రమే అయితే కాపీ అప్లికేషన్ వేసుకోవాలి. నకలు తయారీకి పట్టిన రోజులు 30లో లెక్కకు రావు. తయారయ్యాక తెచ్చుకోకుండా ఊరుకున్న రోజులు మాత్రం వస్తాయి. చాలా అప్పీళ్లు ఇక్కడే గడువు దాటి, ఆలస్యం మన్నించమనే పిటిషన్‌తో మొదలవుతాయి.

అప్పీలుకి అసలు బలం సాక్షుల వాంగ్మూలాల్లో ఉంటుంది. అన్న మాటేమిటో చెప్పారా, "బూతులు తిట్టాడు" అని సరిపెట్టారా? కావాలనే అవమానించాడని, అది ఎదుటివాణ్ణి రెచ్చగొట్టేదని, రెచ్చిపోయి శాంతిభంగం చేస్తాడన్న ఉద్దేశమో ఎరుకో నిందితుడికి ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఒట్టి తిట్టు ఈ సెక్షన్‌కి చాలదు. "కొట్లాట జరగలేదు కదా" అనే వాదనకి మాత్రం పేజీలు ఖర్చుపెట్టకండి, నేరానికి కొట్లాట జరిగితీరాలని లేదు.

నేరం ఒప్పుకుని శిక్ష పడితే, అప్పీలు శిక్ష ఎంత, చట్టబద్ధమా అన్నంతవరకే. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు 100 రూపాయల్లోపు ఫైను మాత్రమే వేస్తే అప్పీలే లేదు, రివిజన్ (తీర్పు చట్టప్రకారం ఉందో లేదో చూడమని పై కోర్టును అడగడం) వేసుకోవాలి.

రాజీ దారి అప్పీలులోనూ మూసుకుపోదు. అవమానపడ్డ మనిషి ఒప్పుకుని, సెషన్స్ కోర్టు అనుమతిస్తే కేసు కొట్టేసినట్టే, అంటే నిర్దోషి కిందే లెక్క. ఫిర్యాదిదారు పక్కింటివాడో చుట్టమో అయితే ముందు ఇదే ప్రయత్నించడం మేలు.

శిక్షతో పాటు మూడేళ్లదాకా శాంతిగా ఉంటానన్న బాండు కూడా రాయించుకునే వీలుంది. అప్పీలులో నేరనిర్ధారణ (దోషి అన్న తీర్పు) రద్దయితే అదీ చెల్లదు.

ప్రభుత్వోద్యోగులు ఒకటి గమనించాలి. సెషన్స్ కోర్టు శిక్ష నిలిపేసినంత మాత్రాన నేరనిర్ధారణ నిలిచిపోదు. దాన్నీ నిలపమని, ఉద్యోగానికి వచ్చే నష్టమేమిటో వివరంగా రాసి విడిగా అడగాలి. కోర్టులు దీన్ని అరుదుగానే ఇస్తాయి.