డ్రూ బ్రీస్ భుజం, నా భుజం: లాబ్రమ్ ఆపరేషన్ నుంచి మళ్ళీ బంతి విసిరేదాకా

భుజం కీలులో గుండు పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు కూడా తక్కువ. సాసర్‌లో నారింజపండు పెట్టినట్టే. ఆ గుండు జారిపోకుండా గిన్నె చుట్టూ మృదులాస్థితో ఒక అంచు ఉంటుంది. దాని పేరు లాబ్రమ్. పైభాగంలో బైసెప్స్ (చేతి ముందు వైపు కండరం) టెండన్ ఒకటి, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, దానికి అతుక్కుని ఉంటుంది. క్రికెట్లో డైవ్ చేసినప్పుడు చాచిన చెయ్యి మీద ఒళ్ళంతా పడి నాకు చిరిగింది సరిగ్గా అక్కడే, ముందు నుంచి వెనక్కి. స్లాప్ టేర్ అంటారు దీన్ని.

దీనితో వచ్చే చిక్కు ఏమిటంటే రోజువారీ పనులకు పెద్దగా అడ్డు రాదు. అన్నం తినొచ్చు, కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. చెయ్యి తల పైకి లేపి వెనక్కి వంచి విసరబోతే మాత్రం కీలు లోపల ఎక్కడో పట్టేసినట్టు నొప్పి వస్తుంది, టక్కుమంటుంది, బంతిలో బలం ఉండదు. మామూలు ఎంఆర్‌ఐలో ఇది కనపడకుండా పోవచ్చు. అందుకే కీలులోకి డై ఎక్కించి తీస్తారు. ఆ డై చిరుగులోకి పాకితే తెల్లటి గీతలా బొమ్మలో తేలుతుంది. డై వల్ల ఒకటి రెండు రోజులు భుజం బరువుగా, నిండుగా ఉంటుంది. స్కాన్ నుంచి కారు నడుపుకుంటూ రావడం మానండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.

స్లాప్ టేర్ అనగానే ఆపరేషన్ అక్కర్లేదు. ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూస్తారు. చాలామందికి దానితోనే సరిపోతుంది. నలభై దాటినవాళ్ళకి లాబ్రమ్‌ని కుట్టడం కన్నా బైసెప్స్ టెండన్‌ని అక్కడి నుంచి తప్పించి చేతి ఎముకకు బిగించడమే మేలని ఎక్కువమంది సర్జన్ల అభిప్రాయం. నా విషయంలో చిరుగు పెద్దది, విసరడం కావాలి, వయసు ఇంకా ఉంది. కాబట్టి కుట్టారు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఫోన్లో పుత్తూరు కట్టు గురించి అడిగారు. చిత్తూరు వైపు వాళ్ళకి ఆ కట్టు మీద ఉన్న నమ్మకం నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. అది ఎముక విరిగినప్పుడు కట్టే కట్టు. లాబ్రమ్ కీలు లోపలి మెత్తటి అంచు, ఊడి వచ్చిన భాగాన్ని బయటి కట్టు తిరిగి ఎముకకు అతికించలేదు. నూనె మర్దన అయితే మొదటి వారాల్లో అసలు వద్దు.

డల్లాస్, న్యూజెర్సీల్లో ఉండే మన తెలుగువాళ్ళు వారాంతాల్లో క్రికెట్ ఆడుతూ, ఆదివారం సాయంత్రాలు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ పోటీలు) చూస్తూ ఉంటారు. అలా చూసేవాళ్ళకి డ్రూ బ్రీస్ పేరు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం: అతను క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టులో బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు. 2005 డిసెంబర్ 31న శాన్ డియేగో ఛార్జర్స్ తరఫున ఆడుతూ, జారిన బంతి కోసం కింద పడినప్పుడు అతని కుడి భుజం కీలు తప్పింది. అతను విసిరేది ఆ చేత్తోనే. లాబ్రమ్ చుట్టూ చిరిగింది, రొటేటర్ కఫ్‌కీ (గుండుని గిన్నెలో పట్టి ఉంచి చేతిని తిప్పే కండరాల గుంపు) దెబ్బ తగిలింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ ఆపరేషన్ చేశారు. లాబ్రమ్‌కి పదకొండు యాంకర్లు, అంటే కుట్టు దారాన్ని ఎముకలో బిగించే చిన్న మేకులు, పట్టాయి. నాలాంటి చిరుగుకి మామూలుగా రెండో మూడో సరిపోతాయి. ఆ భుజాన్ని చూసి అతన్ని తీసుకోవడానికి మయామి డాల్ఫిన్స్ జట్టు వెనక్కి తగ్గింది, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టు తీసుకుంది. 2006 సీజన్లోనే అతను ఆడాడు. 2010 ఫిబ్రవరి 7న సూపర్ బౌల్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) 39 పాసుల్లో 32 అందించి 31-17తో జట్టుని గెలిపించాడు.

అందరూ చెప్పుకునేది ఆ గెలుపు గురించి. నేను పట్టుకున్నది అంతకుముందు సంగతి. 2004లో ఛార్జర్స్ అతని స్థానం కోసమే ఫిలిప్ రివర్స్ అనే కుర్రాడిని తెచ్చిపెట్టింది. రోజూ పక్కనే ప్రాక్టీస్ చేసే మనిషి తన ఉద్యోగం కోసం వచ్చినవాడే. ఆ ఏడాదే బ్రీస్ 27 టచ్‌డౌన్ పాసులు (జట్టుకి పాయింట్లు తెచ్చేవి) వేసి, ఏడు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన బంతులు) మాత్రమే ఇచ్చాడు. అలాంటి పోటీలో క్వార్టర్‌బ్యాక్ బతికేది ఎలాగంటే, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు మ్యాచ్ తర్వాత వీడియో వేసుకుని ప్రతి ప్లేకీ, అంటే ఆటలో ఒక్కో ఎత్తుకీ, మార్కులు వేసే పద్ధతి వల్ల. ఫలితం ఒక్కటే చూడరు. అడుగులు సరిగ్గా పడ్డాయా, ముందు చూడాల్సిన ఆటగాడిని ముందు చూశాడా, సమయానికి విడిచాడా అన్నవి చూస్తారు. బాగా విసిరిన బంతి, పట్టుకునేవాడి చేతుల్లోంచి ఎగిరి ప్రత్యర్థికి చిక్కినా విసిరినవాడికి ప్లస్ పడొచ్చు. తప్పుడు నిర్ణయం తీసుకుని అదృష్టం కొద్దీ టచ్‌డౌన్ కొట్టినా మైనస్ పడొచ్చు. భుజం బాగుచేసుకోవడంలో నాకు పనికొచ్చిన పద్ధతి ఇదే. ఎంత బరువు ఎత్తాను, ఎన్నో వారం అన్నవి పక్కన పెట్టి, ప్రతి సెట్టుకీ ఎలా చేశాను అన్నదానికే నోటుపుస్తకంలో ప్లస్సో మైనస్సో వేసుకుంటూ వచ్చాను.

మొదటి నాలుగు వారాల్లో చెయ్యి స్లింగ్‌లోనే (మెడకు వేలాడదీసే పట్టీ). సర్జన్‌ని బట్టి ఆరు వారాలు కూడా ఉంచుతారు. పడుకునేటప్పుడు రిక్లైనర్లో సగం వాలి, మోచేతి కింద దిండు పెట్టుకోవాలి. మోచెయ్యి ఒంటి గీత కన్నా వెనక్కి జారితే కుట్లు లాగుతాయి, రాత్రి మెలకువ వచ్చేది ఎక్కువగా అందుకే. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తియ్యాలి. ముందు బొత్తాలున్న వదులు చొక్కాలు నాలుగు సిద్ధంగా పెట్టుకుంటే ఆ నెల గడిచిపోతుంది. ఐసు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు.

ఈ దశలో చేసేది కొంచెమే. బల్ల మీద మంచి చెయ్యి ఆనించి వంగి, ఒంటిని ఊపితే వేలాడే చెయ్యి దానంతట అదే చిన్న సున్నా తిరగాలి. భుజం కండరంతో తిప్పితే అది మైనస్. చెయ్యి బయటికి తిప్పడం మొదటి రెండు వారాల్లో 15 డిగ్రీల దాకా, నాలుగో వారానికి 30 దాకా. ముందుకు లేపడం 60 నుంచి 90కి. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి, కుట్టు ఎక్కడ పడిందో ఆయనకే తెలుసు. బైసెప్స్‌కి ఎనిమిది వారాల దాకా పని పెట్టకూడదు. మోచెయ్యి మడిచి పాల డబ్బా ఎత్తినా ఆ టెండన్ కుట్టు మీదే లాగుతుంది. ఇంకో వైపు, భయంతో అసలు కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. బిగుసుకున్న భుజాన్ని విడిపించుకోవడం ఆపరేషన్ నొప్పి కన్నా ఎక్కువ కాలం పీడిస్తుంది.

తర్వాతది రబ్బరు బ్యాండు. ఇక్కడే అసలు పని. చిన్న తువ్వాలు చుట్టి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టాలి. మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, రెండు సెకన్లలో బయటికి తిప్పి, మూడు సెకన్లలో లోపలికి రావాలి. పది నుంచి పదిహేను సార్లు, మూడు సెట్లు. తువ్వాలు కింద పడితే మోచెయ్యి పక్కకి లేచిందని అర్థం, ఆ సెట్టు మైనస్. మణికట్టు వెనక్కి విరిగితే ముంజేయి కష్టపడుతోంది. నడుము తిరిగితే భుజం పనిని ఒళ్ళు దొంగిలిస్తోంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది భుజం చెవి దగ్గరికి ఎగబాకడం. రొటేటర్ కఫ్ అలిసిపోయినప్పుడు మెడ పక్క కండరం ఆ పని అందుకుంటుంది. అద్దం ముందు చేస్తే వెంటనే కనపడుతుంది. అప్పుడు బ్యాండు రంగు (రంగును బట్టి బిగువు మారుతుంది) ఒక మెట్టు తగ్గించాలి, పంతానికి పోకూడదు. డంబెల్‌తో పక్కకి పడుకుని చేసేది అరకిలోతో మొదలు. ముందు సార్లు పెంచి, పదిహేనూ శుభ్రంగా వచ్చాకే ఇంకో అరకిలో. వెనక రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలకి బోర్లా పడుకుని చేతులు పక్కలకి లేపడం, గోడకి ఆనించి చేతులు పైకి జార్చడం.

నొప్పికి పదిలో మార్కు వేసుకుంటే చేసేటప్పుడు రెండు మూడు దాకా ఫరవాలేదు, తెల్లారేసరికి మామూలుకి రావాలి. భుజం వెనక కండరం పట్టేసినట్టుంటే అది పని చేసిన గుర్తు. ముందు వైపు, కీలు లోతులో పొడిచినట్టుంటే, పట్టేస్తుంటే, రాత్రి నిద్ర లేపుతుంటే ఒక మెట్టు వెనక్కి వెళ్ళాలి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే సర్జన్‌కి చూపించాలి.

క్లినిక్‌లో అదే ఆపరేషన్ అయినవాళ్ళు ఇంకొకరు ముందు పోతుంటే మనసు లాగుతుంది. వాళ్ళ యాంకర్లు వేరు, చిరుగు వేరు, వాళ్ళతో పోల్చుకుంటే ఏమీ తెలియదు. పోటీకి నేను ఎంచుకున్నది ఆపరేషన్ కాని నా ఎడమ భుజాన్ని. విసిరే చెయ్యి సహజంగానే బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ తిరుగుతుంది, కాబట్టి రెండూ కలిపిన మొత్తం చూడాలి. ఆ మొత్తం రెండు చేతులకీ ఐదు డిగ్రీల తేడాలో ఉండాలి. ఇంకొకటి బలం. బయటికి తిప్పే బలం లోపలికి తిప్పే బలంలో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. థెరపిస్టు చేతిలో పట్టుకునే చిన్న మీటరుతో ఇది కొలుస్తారు. క్యాలెండర్లో పదహారో వారం వచ్చినా ఈ అంకెలు రాకపోతే బంతి ముట్టుకోకూడదు.

విసరడం మొదలయ్యేది సాధారణంగా ఆ పదహారో వారం తర్వాతే. 45 అడుగుల దూరం, ఇరవై ఐదు విసుర్లు, ఐదు పది నిమిషాల విరామం, మళ్ళీ ఇరవై ఐదు. విసిరిన మర్నాడు విశ్రాంతి. నొప్పి లేకుండా రెండు సార్లు పూర్తయితే మూడో సెట్టు చేర్చాలి, తర్వాత 60 అడుగులు, 90, 120. బేస్‌బాల్ వాళ్ళ కోసం తయారైన ఈ మెట్లు మనకీ సరిపోతాయి గానీ బంతి బరువు మరిచిపోకూడదు. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి 156 నుంచి 163. అమెరికన్ ఫుట్‌బాల్ సుమారు 400 గ్రాములు, అందుకే క్వార్టర్‌బ్యాక్‌లకి వేరే పట్టిక ఉంటుంది. మొదటి మెట్లలో టెన్నిస్ బంతి వాడితే తేలికగా ఉంటుందని గట్టిగా విసరాలనిపిస్తుంది, చెయ్యి వేగం పెరిగిపోతుంది. అందుకని తోలు బంతితోనే, మెల్లగా, వంపుగా ఎగిరేలా విసిరాను. నిలబడి చేత్తో తోసే విసురు వద్దు. రెండు అడుగులు ముందుకు గెంతి, తుంటి తిప్పి, ఆ ఊపు చేతికి అందనివ్వాలి. మోచెయ్యి భుజం గీత కన్నా కిందికి జారుతుంటే ఆ రోజుకి అక్కడితో ఆపాలి, లెక్క ప్రకారం పది విసుర్లు మిగిలి ఉన్నా సరే. పూర్తి జోరు మ్యాచ్‌కి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. బౌండరీ దగ్గర నుంచి విసరడం కన్నా ముందు స్లిప్‌లోకో మిడాన్‌లోకో వెళ్ళమని కెప్టెన్‌ని అడగండి. డైవ్‌లు మాత్రం అన్నిటికన్నా చివర.