బండి మీద శ్రీశైలం: మొక్కు తీరింది కానీ...

రెండేళ్ల కిందట కుడికాలు విరిగి లోపల రాడ్ వేసినప్పుడు, మళ్లీ బండి నడపగలిగితే మొదటి దూరప్రయాణం నీ దగ్గరికే మల్లన్నా అని మంచం మీద పడుకునే మొక్కుకున్నాను. బస్సులో వెళ్లొచ్చుగా అని ఇంట్లో ఎంత పోరినా వినలేదు, మొక్కిందే బండి మీద కదా. మొత్తానికి వెళ్లొచ్చాను, నడుం ఇంకా పట్టేసే ఉంది.

తెల్లవారుజామున నాలుగింటికి బెజవాడలో బయల్దేరాను. శ్రీశైలం దాదాపు 260 కిలోమీటర్లు. వారధి దాటాక చలికి చేతులు కొంకర్లు పోయాయి, గుంటూరులో టీ తాగితే గానీ వేళ్లు కదల్లేదు. నరసరావుపేట దగ్గర తెల్లారింది. ఎడమ పక్క మంచులో కోటప్పకొండ కనిపిస్తే బండి మీద నుంచే ఒక దణ్ణం, త్రిపురాంతకం దగ్గర ఇంకో దణ్ణం. శ్రీశైలానికి తూర్పు ద్వారం కదా, ఆగి వెళ్లాల్సింది. కానీ దర్శనానికి లేటవుతుందని టెన్షన్.

దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే మలుపులో క్లచ్ లివర్ ఒక్కసారిగా లూజైపోయింది. చూస్తే కేబుల్ లివర్ దగ్గరే తెగింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, చుట్టూ నల్లమల, ఎదురుగా గోడ మీద నా సంచీ వంకే చూస్తున్న కోతులు. కార్లు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి తప్ప ఒక్కటీ ఆగలేదు. అరగంట అయ్యాక గుమ్మడికాయల లోడుతో ఒక ట్రాలీ ఆటో ఆగింది.

"ఏమైందన్నా?"

చెప్పాను. అతను సీటు కింద డబ్బాలోంచి కరెంటు వైర్లు కలిపే కనెక్టర్ తీసి, ప్లాస్టిక్ తొక్క పళ్లతోనే ఒలిచేసి, లోపలి చిన్న ఇత్తడి ముక్క అరచేతిలో పెట్టుకున్నాడు. కింద ఇంజిన్ దగ్గర అడ్జస్టర్ పూర్తిగా వదిలేసి, మిగిలిన తీగని పైకి లాగి, ఆ ఇత్తడి ముక్కలోంచి పోనిచ్చి రెండు స్క్రూలూ బిగించాడు. సరిగ్గా తీగ చివర తెగిపోయిన గుండు ఉండాల్సిన చోట కూర్చుంది. లివర్ నొక్కితే పనిచేసింది! "కొండెక్కేదాకా ఆగుద్ది, దిగేటప్పుడు కొత్తది ఏపిచ్చుకో" అన్నాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టి, "మల్లన్న కాడ నా పేరున ఒక దీపం పెట్టన్నా చాలు" అని వెళ్లిపోయాడు.

శిఖరేశ్వరం దగ్గర నువ్వులు తిప్పి, గుడి శిఖరం కనిపిస్తుందని నంది కొమ్ముల మధ్య నుంచి చూశాను. వెనక నుంచి తోపులాట, చూసింది శిఖరమో చెట్టుకొమ్మో దేవుడికే తెలియాలి. కార్తీకంలో ఆదివారం వెళ్లడం నాదే తప్పనుకోండి. సాక్షి గణపతి దగ్గరైతే బండి పెట్టే చోటే లేదు, మళ్లీ వస్తాను సామీ అని ముందుకెళ్లిపోయాను. గుడి క్యూలో మూడున్నర గంటలు. మధ్యలో తాడు కింద నుంచి దూరే జనం, ఒకరినొకరు తిట్టుకుని వెంటనే ఓం నమఃశివాయ అనే జనం. రాడ్ ఉన్న కాలు మొద్దుబారిపోయింది. తీరా గర్భగుడి ముందుకొచ్చేసరికి నా ముందున్నాయన భుజాల మీద పాప! ఆ పిల్ల ఒక్క క్షణం పక్కకి వంగింది. మారేడు దళాల మధ్య విభూతి రేఖలతో ఇంత చిన్న లింగం, పక్కన దీపం. అంతే. ఏమేమో అడగాలనుకున్నవాణ్ణి, వచ్చాను స్వామీ అన్న మాట తప్ప నోట్లోంచి ఇంకేం రాలేదు. బయటికొచ్చాక కూడా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం గంగాధర మండపం దగ్గర రెండు ప్రమిదలు కొన్నాను. ఒకటి నాది. రెండోది వెలిగించబోతుంటే అప్పుడు తట్టింది, ఆ అబ్బాయి పేరే అడగలేదు! నా పేరున పెట్టమన్నవాడి పేరు అడగాలని కూడా తోచలేదు చూడండి నాకు. ఒత్తి చివర వేలు కాలేదాకా అగ్గిపుల్ల పట్టుకుని అలాగే కూర్చున్నాను. తర్వాత వెలిగించేశాను.

మర్నాడు పొద్దున్నే దిగుతూ సాక్షి గణపతి దగ్గర ఆగాను. మనం వచ్చినట్టు రాసుకునే స్వామి కదా, చేతిలో పుస్తకం, కలం. నా పేరు, గోత్రం చెప్పుకున్నాక, "నిన్న ఘాట్‌లో గుమ్మడికాయల ఆటో అబ్బాయి, అతను కూడా వచ్చినట్టే రాసుకో సామీ" అన్నాను. వెనకావిడ నన్ను వింతగా చూసింది.

దోర్నాలలో కేబుల్ మార్చిన మెకానిక్ ఆ ఇత్తడి ముక్క తిప్పితిప్పి చూసి, ఎవడు బిగించాడోగానీ ఇంకో నెల ఆగేదన్నాడు.