పాత అంబాసిడర్‌లో స్పార్క్ బలహీనపడితే

పాత పెట్రోల్ అంబాసిడర్‌లో సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే చాలామంది ముందుగా కార్బురేటర్ విప్పుతారు గాని, నా దృష్టిలో మొదట చూడవలసింది స్పార్క్. ప్లగ్ విప్పి, వైరుకు తగిలించి, పెట్రోల్ ఆవిరికి దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టినప్పుడు నిప్పురవ్వ నీలంగా, టప్పుమని పడాలి. పసుపుగా, సన్నగా పడితే బలం చాలనట్టే. అప్పుడు ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల కరెంటును కలుపుతూ తెంచే పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నచోట ఫీలర్ గేజ్‌తో (సన్నని రేకుల కొలత పరికరంతో) ఎడం కొలవాలి. అది సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక పాయింటు మీద గుంట, ఎదుటిదాని మీద బొడిపె కనబడితే ఆకురాయితో రుద్ది ఊరుకోకుండా, పాయింట్ల మధ్య నిప్పు రేగకుండా ఆపే కండెన్సర్‌ను అనుమానించాలి, అది చవకైన వస్తువే కూడా. మూత లోపల వెంట్రుకంత నల్లటి గీత ఉన్నా కరెంటు దారి తప్పుతుంది, వానాకాలంలో మరీను. బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ అందుకుంటుంటే, స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్‌ను పరీక్షించాలి.