ముందు మూట విప్పి చూశాను

నిన్న రాత్రి ప్రింటర్ కోసం తయారీదారు సైటు నుంచి ఒక డెబ్ ఫైలు దించుకున్నాను. ఎప్పటిలా వెంటనే ఇన్‌స్టాల్ చేయలేదు, ముందు విప్పి చూశాను.

డెబ్ ఫైలంటే డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఒక మూట. ఫార్మాట్ సంఖ్య ఉన్న చిన్న ఫైలు, కంట్రోల్ సమాచారం (ప్యాకేజీ వివరాలు, ఇన్‌స్టాల్ సమయంలో నడిచే స్క్రిప్టులు), అసలు ఫైళ్లు అందులో ఉంటాయి. ‘డీపీకేజీ-డెబ్’ కమాండుకు ‘సి’ జోడిస్తే ఏ ఫైలు ఎక్కడికి చేరుతుందో చూపిస్తుంది. ఆ జాబితాలో అనుమానించదగ్గది ఏదీ లేదు. తర్వాత ‘ఇ’తో కంట్రోల్ భాగాన్ని విడదీసి, ఫైళ్లు చేరాక నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టు చదివాను. గుండె ఝల్లుమంది! నన్ను అడగకుండానే ఆ సంస్థ సొంత రిపాజిటరీని (సాఫ్ట్‌వేర్ దించుకునే భాండారాన్ని), దాన్ని నమ్మేలా చేసే డిజిటల్ తాళంచెవితో సహా, నా కంప్యూటర్‌లో చేర్చే వరుసలు అందులో ఉన్నాయి. ఆ రిపాజిటరీ వివరాల ఫైలును స్క్రిప్టే అప్పటికప్పుడు సృష్టిస్తుంది కాబట్టి జాబితాలో కనిపించదు. పైగా ఆ స్క్రిప్టు నడిచేది రూట్ అధికారంతో, అంటే కంప్యూటర్‌పై పూర్తి అధికారంతో. ఇంటి తాళాలు ఇచ్చినట్టే కదా!

ఇలా చూస్తే అన్నీ దొరకవు. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్ 5.6.0లో బయటపడ్డ దొంగదారి దాని లైబ్రరీలోనే కలిసిపోయి ఉంది, ఏ జాబితా చూసినా తెలిసేది కాదు. కానీ ఈ స్క్రిప్టు చదవడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు.

ఆ డెబ్ ఫైలు తీసేశాను. డెబియన్ సొంత రిపాజిటరీలోని డ్రైవరుతోనే ప్రింటర్ చక్కగా పనిచేస్తోంది.