మా టైగర్‌కు రెండో రిపోర్టు

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో, కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. కవిటి దగ్గర మా ఊళ్లో ఆ పరీక్ష కాగితాలు భద్రంగా దాచుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మా చిన్నాన్న సోంపేటలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అందుకే మా ముసలి కుక్క టైగర్ రిపోర్టులో క్రియాటినిన్ ఎనిమిది దాటిందని చూడగానే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకున్నాం.

టైగర్ వయసు కచ్చితంగా తెలియదు. 2018లో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లను పడగొట్టేనాటికే అది పెద్ద కుక్క. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ, అన్నం ముట్టకుండా వాంతులు చేసుకుంటుంటే శ్రీకాకుళం తీసుకెళ్లాం.

డాక్టరు గారు మాత్రం ఆ అంకెను పట్టుకుని ఏదీ తేల్చుకోవద్దన్నారు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు క్రియాటినిన్ బాగా పెరిగి కనిపిస్తుందట. సెలైన్ ఎక్కించాక మళ్లీ రక్తం తీస్తేనే కిడ్నీల అసలు స్థితి తెలుస్తుంది. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కూ, పిడుదుల జ్వరానికీ పరీక్షలు చేశారు. రెండూ లేవు. స్కానింగులో కిడ్నీలు కుంచించుకుపోయి ఉన్నాయి, అంటే జబ్బు పాతదే. రెండో రిపోర్టులో క్రియాటినిన్ నాలుగుకు దిగింది. కుక్కల్లో 2.9 నుంచి 5 వరకు మూడో దశ, ఆపైన నాలుగోది, చివరిది. మొదటి కాగితం చూసి ఆ రోజే ప్రాణం పోయే ఇంజెక్షన్ చేయించేద్దామన్న అన్నయ్య ఇక మాట్లాడలేదు.

మా ఊరి నీళ్లే దాన్నీ పట్టుకున్నాయని ఎదురింటివాళ్లు తేల్చేశారు. మనుషుల జబ్బుకే కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ముసలి కుక్కలకు ఏ ఊళ్లోనైనా కిడ్నీలు పాడవుతాయి.

డయాలసిస్ గురించి అడిగాను. చెన్నై పశువైద్య కళాశాలలో కుక్కలకూ చేస్తారు. కానీ అది ముఖ్యంగా హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కోలుకునేదాకా ప్రాణం నిలబెట్టడానికి. టైగర్ కిడ్నీలు కోలుకునేవి కావు. పైగా కొత్తవాళ్లు ముట్టుకుంటే వణికిపోయే కుక్కను అంత దూరం తీసుకెళ్లి బోనులో పెట్టించడం నాకు మనస్కరించలేదు.

ఇంట్లోనే చూసుకుందామనుకున్నాం. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, వసారా మేకుకు తగిలించి, భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి సూది గుచ్చాలి. అక్కడ ఒక బుడిపె లేచి, మెల్లగా కిందికి జారి, కరిగిపోతుంది. మొదట్లో టైగర్ కంటే నా చేతులే ఎక్కువ వణికేవి. ఎండుచేపలు మాన్పించాం, వాటిలో ఉప్పూ ఫాస్ఫరస్ ఎక్కువ. అన్నంలో గుడ్డు తెల్లసొన, ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టేసే మాత్ర కలిపి పెడుతున్నాం. నీళ్ల దగ్గరే తకరారు వచ్చింది. చిన్నాన్నకు నీళ్లు కొలిచి ఇచ్చే అలవాటుతో అమ్మ దాని గిన్నె కూడా ఎత్తేసేది. దీని కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేక వదిలేస్తున్నాయి కాబట్టి తాగినంత తాగనివ్వాలని ఆమెను నమ్మించడానికి డాక్టరు గారితో ఫోనులో చెప్పించాల్సి వచ్చింది.

ఎంతవరకు వైద్యం చేయించాలన్న ప్రశ్నకు జవాబు చిన్నాన్న దగ్గర దొరికింది. "నాకు ఓపిక లేకపోతే ఇక చాలురా అని చెప్పగలను. దానికి నోరు లేదు. వాంతులు ఆపే మందు పడ్డాక కూడా తిండి వద్దంటోందంటే, అదే దాని మాట అనుకోండి" అన్నాడు. ఆ పరిస్థితి వస్తే సెలైన్ ఆపేసి, నొప్పి తెలియకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇంటి దగ్గరే చేయించాలని నేనూ అన్నయ్యా అనుకున్నాం. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఈసారి రక్త పరీక్ష అయ్యాక ఆలోచిద్దామంటోంది.