తుఫాను తర్వాత ఇంటి మరమ్మతు: నమ్మదగిన కాంట్రాక్టరు కోసం నా వెతుకులాట

గాలివాన వెలిసిన వెంటనే తలుపు తట్టిన ఒక కాంట్రాక్టరు, స్లాబు ఎక్కి చూడకుండానే మొత్తం పనికి ధర చెప్పి, సగం అడ్వాన్సు ఇస్తే సాయంత్రమే పని మొదలుపెడతానన్నారు. పైకప్పు కారుతున్న ఇంట్లో ఆ మాట ఎంత ఆశ పెడుతుందో తెలిసి కూడా నేను ఒప్పుకోలేదు.

ముందుగా దెబ్బతిన్న ప్రతి చోటునూ ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేసి, పైన టార్పాలిన్ కప్పించి ఆ రసీదు దాచాను. నష్టాన్ని అంచనా వేసే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసి వెళ్లేవరకు శాశ్వత మరమ్మతు ఆపాను. నిదానంగా మనిషిని ఎంచుకునే వ్యవధి నాకు ఆ టార్పాలిన్ వల్లనే దొరికింది.

తర్వాత కొందరిని పిలిచి, అందరికీ ఒకే పనుల జాబితా ఇచ్చి, ఎస్టిమేట్ రాసివ్వమన్నాను. చాలామంది ఒక్క వాక్యం రాసి కింద మొత్తం వేశారు. ఒకాయన మాత్రం ధర మాట ఎత్తకుండా పైకెక్కి, పిట్టగోడ స్లాబును కలిసే అంచునూ వాననీటి గొట్టం మూతినీ పరిశీలించి, గదిలోని చెమ్మ మరకతో సరిచూసుకుని, నీరు దిగుతున్నది మేము అనుకున్న పగులు నుంచి కాదని, గొట్టం చుట్టూ సిమెంటు ఊడిన సందు నుంచని చూపించారు. స్లాబులో నీరు ఒకచోట దిగి, మరోచోట కారవచ్చు. అది కనిపెట్టకుండా వేసే పూత వృథా. ఆయన ఎస్టిమేట్‌లో ప్రతి పనికీ కొలత, సరుకు, పూతల సంఖ్య, కూలి విడివిడిగా ఉన్నాయి. అది అన్నిటికంటే చవకైనది కాదు. అయినా ఆయన చేసిన ఇళ్లలో కనీసం ఒక వానాకాలం గడిచినవాటిని చూసి, ఆయన లేనప్పుడు ఆ ఇంటివారితో మాట్లాడాకే ఖాయం చేశాను.

దశ పూర్తయ్యాకే దాని సొమ్ము, రాతలో ఒప్పుకున్నాకే అదనపు పని, పనివారికి ప్రమాదం జరిగితే బాధ్యత కాంట్రాక్టరుదే అని ఒప్పందం రాసుకున్నాం. కొత్త సిమెంటును 7 రోజులు తడపాలని, గోడలు పూర్తిగా ఆరాకే రంగులు వేయాలని ఆయనే చేర్పించారు.

చివరి వాయిదాకు నీటి పరీక్షను షరతుగా పెట్టాను. స్లాబుపై 24 గంటలు నీరు నిలిపినప్పుడు ఒక మూల చెమ్మ కనిపించింది. ఆయన అదనంగా ఏమీ అడగకుండా ఆ భాగాన్ని తవ్వి, మళ్లీ వేయించి, మళ్లీ నీరు నిలిపించారు. ఈసారి కింద పొడిగా ఉందని చూసుకుని, హామీ పత్రంపై సంతకం తీసుకుని, మిగిలిన సొమ్ము చెల్లించాను.